గీత దాటడానికి మూడు విమానాలు

కెన్యాలోని మసాయి మారా, టాంజానియాలోని సెరెంగెటి పేరుకు రెండు అభయారణ్యాలే గాని, నేల మాత్రం ఒకటే. ఆ గడ్డి ఒకటే, ఆ మారా నది ఒకటే, ఆ నదిని ఈదే మందలూ ఒకటే. ఏటా జూలై మొదలు అక్టోబరు దాకా లక్షలాది వైల్డ్‌బీస్టులు, వాటితో కలిసి చారల గుర్రాలు, ఒక దేశం నుండి ఇంకో దేశానికి పోతూ వస్తూ ఉంటాయి. వాటికి పాస్‌పోర్టు లేదు, వీసా లేదు.

వాటిని చూడబోయిన మనిషి సంగతి వేరు. మారాలో ఒక మందను చూసినవాడు అదే మందను సెరెంగెటి వైపు నుండి కూడా చూడాలనుకున్నాడనుకోండి. మారాలోని మట్టి రన్‌వే మీద చిన్న విమానమెక్కి తూర్పుగా నైరోబీకి పోవాలి. అక్కడ దేశం దాటే విమానమెక్కి దక్షిణాన కిలిమంజారోకు పోవాలి. అక్కడ పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకొని, మూడో విమానమెక్కి పడమరగా తిరిగి, బయలుదేరిన చోటికి దాదాపు పక్కనే దిగాలి. ముక్కేదీ అంటే తల చుట్టూ చేయి తిప్పి చూపించడమంటే ఇదే!

మారా దక్షిణపు అంచున శాండ్ రివర్ దగ్గర ఒక గేటు ఉంది. దానికెదురుగా టాంజానియా వైపు బొలొగొంజా గేటు ఉంది. మధ్యన మట్టి దారి కూడా ఉంది. కానీ 1977 నుండి యాత్రికులు ఆ దారిన దేశం దాటడానికి వీల్లేదు.

సఫారీకి వెళ్ళదలచినవారు విమానాల జతలు కుదుర్చుకోవడానికి కూర్చున్నప్పుడు ఎదురయ్యే చిక్కులన్నీ ఇటువంటివే. ఇంత చిన్న దూరానికి ఇంత చుట్టెందుకు? ఒకే ఊళ్ళో ఒక విమానాశ్రయంలో దిగి ఇంకో విమానాశ్రయంలో ఎక్కడమేమిటి? సామాను 15 కిలోలకు మించరాదని ఎందుకంటారు? ఈ ప్రశ్నలకు విమానాల వేళల పట్టికలో జవాబు దొరకదు. చరిత్రలో దొరుకుతుంది. ఆ దారులను గీసింది జంతువులు కావు, యాత్రికులూ కారు. ఒకప్పటి రైలు, ఒకప్పటి టపా, ఒకప్పటి తగవు కలిసి వాటిని గీశాయి.

* * *

ముందుగా మాట సంగతి. సఫారీ స్వాహిలీ మాట. దానికి మూలం అరబ్బీలోని 'సఫర్', అంటే ప్రయాణం. హైదరాబాదు వైపు వారికి ఈ మాట కొత్తదేమీ కాదు. సఫర్ చేసేవాడు ముసాఫిరు, వాడు బస చేసే చోటు ముసాఫిర్‌ఖానా. స్వాహిలీ మాట్లాడేవారికి నేటికీ సఫారీ అంటే ఏ ప్రయాణమైనా సరే. పక్క ఊరి పెళ్ళికి పోయినా సఫారీయే. దాన్ని సింహాలకూ ఏనుగులకూ పరిమితం చేసినవారు ఇంగ్లీషువారు. సముద్రతీరం నుండి లోపలికి వందలాది కూలీలు నెత్తిన మూటలతో వరుసగా నడిచే బిడారును వారు మొదట సఫారీ అన్నారు, తరువాత వేటగాళ్ళ బిడారుకు ఆ పేరు అంటుకుంది.

మారాకూ సెరెంగెటికీ మధ్యన ఉన్న గీత కూడా ఆ కాలం నాటిదే. 1886లో బ్రిటనూ జర్మనీ తూర్పు ఆఫ్రికాను పంచుకుంటూ, తీరాన ఉంబా నది ముఖం నుండి వాయవ్యంగా విక్టోరియా సరస్సు దాకా ఒక గీత గీశాయి. కిలిమంజారో పర్వతం దగ్గర ఆ గీత కొంచెం వంగి, పర్వతాన్ని జర్మనీ వైపు వదిలింది. మిగిలిన పొడుగంతా స్కేలు పెట్టి గీసినట్టే ఉంటుంది. విక్టోరియా రాణి తన మనవడు కైజరుకు పర్వతాన్ని పుట్టినరోజు కానుకగా ఇచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉంది గాని, అది కట్టుకథే. నిజానికి అందులో ప్రేమా లేదు, కానుకా లేదు, బేరమే ఉంది. ఆ బేరంలో మసాయి పశుపాలకులను ఎవరూ అడగలేదు. వారి పచ్చిక బయళ్ళు ఇటు సగం, అటు సగం అయ్యాయి.

బ్రిటిషువారు తమ భాగంలో మొంబాసా రేవు నుండి విక్టోరియా సరస్సుకు రైలు వేశారు. పని 1896లో మొదలైంది, 1901లో సరస్సు ఒడ్డు చేరింది. దాన్ని వేసిన చేతులు చాలామటుకు మన దేశానివి. సుమారు 32,000 మంది కూలీలు, పనివారు భారతదేశం నుండి వెళ్ళారు, వారిలో ఎక్కువమంది పంజాబువారు. దాదాపు 2,500 మంది అక్కడే ప్రాణాలు విడిచారు. సావో నది వంతెన దగ్గర 1898లో రెండు సింహాలు కూలీలను ఎత్తుకుపోయిన కథ ప్రపంచమంతా చెప్పుకుంటుంది గాని, సింహాల కంటె జ్వరాలూ పుండ్లూ తిన్నవారే ఎక్కువ.

ఆ రైలు 1899లో ఒక చిత్తడి నేల చేరింది. ముందు పెద్ద లోయ ఉంది. లోయలోకి దిగబోయే ముందు సామాను నిలవచేసుకోవడానికి, ఇంజన్లు బాగుచేసుకోవడానికి చదునైన చోటు కావాలి. అక్కడ డేరాలు వేశారు. ఆ డేరాల ఊరే నైరోబీ. ఈనాడు తూర్పు ఆఫ్రికా సఫారీలకు నైరోబీ కూడలి కావడానికి మూలం అడవి దగ్గరగా ఉండడం కాదు, రైలు ఇంజనుకు ఒక షెడ్డు కావలసి రావడం!

రైలు రాగానే వేటగాళ్ళూ వచ్చారు. అమెరికా అధ్యక్ష పదవి దిగిన కొద్ది రోజులకే థియోడోర్ రూజ్‌వెల్ట్ 1909 మార్చి 23న న్యూయార్కులో ఓడ ఎక్కాడు. నేపుల్సులో ఓడ మారి, ఏప్రిల్ 21న మొంబాసాలో దిగాడు. అంటే నాలుగు వారాల పైచిలుకు. అక్కడి నుండి రైల్లో, ఇంజను ముందుభాగాన అమర్చిన బల్ల మీద కూర్చొని, జంతువులను చూస్తూ ప్రయాణించాడు. ఆయనా, ఆయన కొడుకూ కలిసి ఆ యాత్రలో 512 జంతువులను చంపారు. ఓడ, రైలు, కాలినడక: ఆనాటి సఫారీకి ఇవే మూడు అంచెలు. వాటి మధ్యన ఎక్కడ ఆలస్యమైనా పట్టించుకునేవారు లేరు, ఎందుకంటే వచ్చినవారికి నెలల తరబడి తీరిక ఉండేది.

* * *

మనం బ్లాగుల్లో వ్రాసుకునేదాన్ని టపా అంటున్నాం. ఆఫ్రికా ఆకాశంలో దారులు వేసింది అసలైన టపా, ఉత్తరాల మూట. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ అనే బ్రిటిషు సంస్థ 1931 ఫిబ్రవరి 28న లండను నుండి విక్టోరియా సరస్సు దక్షిణపు ఒడ్డున ఉన్న మ్వాంజా దాకా విమానాలు మొదలుపెట్టింది. 1932 జనవరి 20న ఆ దారిని కేప్‌టౌన్ దాకా పొడిగించింది. సామ్రాజ్యంలోని అధికారులకూ వర్తకులకూ ఉత్తరాలు త్వరగా చేరడమే దాని ముఖ్యోద్దేశం. ప్రయాణికులు టపా సంచుల పక్కన సర్దుకొని కూర్చునేవారు.

లండను నుండి కేప్‌టౌన్‌కు సుమారు 11 రోజులు పట్టేది. ఒకే విమానంలో కూడా కాదు. పారిస్ నుండి ఇటలీ కొసనున్న బ్రిండిసి దాకా రైలు, అక్కడి నుండి మధ్యధరా సముద్రం దాటడానికి నీటి విమానం, అలెగ్జాండ్రియా నుండి కైరోకు మళ్ళీ రైలు, ఆపైన నైలు నది వెంబడి విమానాలు. రాత్రి ఎగరడం లేదు. చీకటి పడేసరికి దిగి, హోటల్లో పడుకొని, తెల్లవారకముందే లేచేవారు. దారి నైలు వెంబడే ఎందుకు? ఏదైనా ఇంజను ఆగితే దిగడానికి నీళ్ళున్నాయి, నది వెంట బ్రిటిషు అధికారులున్నారు. అందువల్ల ఖార్టూము, మలకాల్, జూబా, విక్టోరియా ఒడ్డున కిసుము, తరువాత నైరోబీ విమానపు మజిలీలయ్యాయి. కిసుము మొదట రైలు కొస, తరువాత నీటి విమానాల రేవు. ఒక దారి వేసిన చోటనే ఇంకో దారి వచ్చి కలుస్తుందనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కర్లేదు.

పెద్ద విమానం తెచ్చిన టపాను పక్క ఊళ్ళకు చేర్చేదెవరు? ఫ్లోరెన్స్ కెర్ విల్సన్ అనే ఆవిడ 1929లో నైరోబీలో విల్సన్ ఎయిర్‌వేస్ స్థాపించింది. 1930లలో ఆ చిన్న విమానాలు ఇంపీరియల్ వారి టపాను అందుకొని మొంబాసా, జాంజిబార్, దారెస్సలాముల వైపు తీసుకుపోయేవి. తూర్పు ఆఫ్రికాలో ఒక విమానం వేళను చూసి ఇంకో విమానం కాచుకొని ఉండడమనే పద్ధతి అక్కడ మొదలైంది. ఈనాడు సఫారీ చిన్న విమానాలు ఎగిరే విల్సన్ విమానాశ్రయానికి 1962లో ఆవిడ పేరే పెట్టారు. దూరదేశాల పెద్ద విమానాల కోసం ఊరి బయట ఎంబకాసి దగ్గర 1958లో వేరే విమానాశ్రయం తెరిచారు. కెన్యాట్టా మరణించాక 1978లో దానికి ఆయన పేరు పెట్టారు. కాబట్టి మీ పెద్ద విమానం దిగేది ఒకచోట, చిన్న విమానం ఎగిరేది ఇంకోచోట. నడుమ నైరోబీ రోడ్ల రద్దీ. పటం మీద కొద్ది కిలోమీటర్లే గదా అని రెంటి నడుమ గంటన్నర మాత్రమే ఉంచుకున్నవారు టికెట్టు పోగొట్టుకొనే ప్రమాదం ఉంది.

చిన్న విమానాలకు టపా కాక ఇంకో పని కూడా దొరికింది. ఆకాశం నుండి ఏనుగుల మందలను వెదికి, క్రిందనున్న వేటగాళ్ళకు చెప్పడం. డెనిస్ ఫించ్ హాటన్, బెరిల్ మార్కమ్ ఆ పనిలో పేరుపొందారు. ఫించ్ హాటన్ 1931 మే 14న వోయి దగ్గర తన విమానం కూలి చనిపోయాడు. విమానం తూర్పు ఆఫ్రికా అడవికి మొదట వచ్చింది వేటగాడి కన్నుగానే.

* * *

ఆ కన్ను చూపు మార్చినవారు ఒక తండ్రీ కొడుకులు. ఫ్రాంక్‌ఫర్ట్ జంతుప్రదర్శనశాల అధిపతి బెర్న్‌హార్డ్ గ్జిమెక్, ఆయన కుమారుడు మైఖేల్. సెరెంగెటి జాతీయోద్యానం 1951లో ఏర్పడింది. దాని హద్దులు మార్చాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, అసలు మందలు ఎక్కడెక్కడ తిరుగుతున్నాయో తెలియకుండా హద్దులెట్లా గీస్తారని వీరు అడిగారు. చారల గుర్రంలా చారలు పూసిన చిన్న డోర్నియర్ విమానంలో మైదానమంతా ఎగిరి జంతువులను లెక్కపెట్టారు. వైల్డ్‌బీస్టులు సుమారు ఒక లక్ష అని తేలింది. 1959 జనవరి 10న మైఖేల్ ఒక్కడూ ఎగురుతుండగా ఒక రాబందు విమానానికి తగిలింది. విమానం కూలి అతడు చనిపోయాడు. అప్పటికి అతనికి ఇంకా పాతికేళ్ళు నిండలేదు. వారు తీసిన సెరెంగెటి చిత్రానికి ఆస్కారు వచ్చింది.

ఆ తరువాత తండ్రి చేసిన పని ఒకటుంది. జర్మనీలో ఆయన టెలివిజను కార్యక్రమానికి ఎంతో ఆదరణ ఉండేది. తూర్పు ఆఫ్రికాకు సామాన్యులు కూడా పోగలిగే చవక విమానయాత్రలు వచ్చాయని ఒకనాడు అందులో ప్రకటించాడు. నిజానికి అటువంటి యాత్ర ఏదీ అప్పటికి లేదు! జనం ప్రయాణ సంస్థల మీద పడ్డారు. అడిగేవారు ఇంతమంది ఉన్నారని గ్రహించి ఆ సంస్థలు నిజంగానే యాత్రలు మొదలుపెట్టాయి. జంతువులు బతకాలంటే ఆ దేశాలకు వాటివల్ల ఆదాయం రావాలి, ఆదాయం రావాలంటే విమానాలు రావాలి అని ఆయన లెక్క. ఈనాటి సఫారీ వ్యాపారమంతా ఆ లెక్క మీదనే నిలబడి ఉంది.

ఆ లెక్కలో చేరనివారు కూడా ఉన్నారు. 1959లో సెరెంగెటిలోని మసాయిలు తమ పశువులతో ఖాళీ చేసి పోవలసివచ్చింది. వారికి తూర్పున గోరోంగోరో ప్రాంతం చూపించారు. మనుషులు లేని ప్రకృతి అని మనం ఈనాడు మురిసి చూసే దృశ్యంలో, మనుషులు లేకపోవడం ప్రకృతి చేసిన పని కాదు. చిన్న విమానం గడ్డినేల మీద దిగుతున్నప్పుడు ఆ మాట గుర్తుంచుకోవడం మంచిది.

* * *

ఇక తగవు కథ. స్వాతంత్ర్యానికి ముందే 1946లో కెన్యా, ఉగాండా, టాంగన్యీకా, జాంజిబార్ ప్రభుత్వాలు ఉమ్మడిగా ఈస్ట్ ఆఫ్రికన్ ఎయిర్‌వేస్ స్థాపించాయి. స్వాతంత్ర్యం తరువాత 1967లో మూడు దేశాలు తూర్పు ఆఫ్రికా సమాజంగా ఏర్పడ్డాయి. రైళ్ళు, రేవులు, టపా, విమానాలు అన్నీ ఉమ్మడి. 1960ల నాటికే ఆ సంస్థకు జెట్ విమానాలుండేవి. లండనుకూ, బొంబాయికీ ఎగిరేవి. అన్నట్టు మన ఎయిరిండియా కూడా 1950 జనవరిలోనే బొంబాయి నుండి నైరోబీకి విమానాలు మొదలుపెట్టింది. రైలు వేయబోయి అక్కడే నిలిచిపోయినవారి సంతానం, దుకాణాలు పెట్టుకున్న గుజరాతీలు దానికి ప్రయాణికులు.

ఆ ఉమ్మడి కాలంలో సఫారీ సుళువు. నైరోబీలో దిగి, వ్యానెక్కి, మారా చూసుకొని, అదే దారిన సెరెంగెటిలోకి దిగి, గోరోంగోరో చూసి, మళ్ళీ నైరోబీ చేరేవారు. ఒక గుండ్రటి దారి. కానీ టాంజానియాకు ఇందులో ఒక బాధ ఉండేది. పేరు సెరెంగెటిది, ఫలం నైరోబీది. విమానం అక్కడ, హోటలు అక్కడ, వ్యాను అక్కడిది, డ్రైవరు అక్కడివాడు. యాత్రికుడు టాంజానియాలో రెండు రాత్రులు పడుకొని వెళ్ళిపోతే తమకు దక్కేదేమిటని వారి ప్రశ్న. అందుకే 1971 డిసెంబరులో అరూషా, మోషి పట్టణాల నడుమ కిలిమంజారో విమానాశ్రయం తెరిచారు. అది కట్టడం ఒక సౌకర్యం మాత్రమే కాదు, నైరోబీకి ఒక జవాబు.

మూడు అన్నదమ్ముల ఉమ్మడి కాపురం ఎక్కువకాలం సాగలేదు. కెన్యాది వ్యాపారుల దారి, టాంజానియాది సామ్యవాద దారి. ఉగాండాలో 1971లో అమీను సైన్యంతో అధికారం పట్టుకున్నాక, టాంజానియా నాయకుడు న్యెరేరే అతనితో ఒకే బల్ల ముందు కూర్చోవడానికి ఒప్పుకోలేదు. ఉమ్మడి విమానాల అప్పులు ఎవరు తీర్చాలన్న దగ్గర గొడవ ముదిరింది. 1977 జనవరి 22న కెన్యా సొంతంగా కెన్యా ఎయిర్‌వేస్ స్థాపించింది. ఉమ్మడి సంస్థ మూతపడింది. ఫిబ్రవరి మొదటివారంలో టాంజానియా సరిహద్దు మూసేసింది. తన నేల మీదనున్న కెన్యా సఫారీ వ్యాన్లనూ, చిన్న విమానాలనూ పట్టి ఉంచేసుకుంది. యాత్రికులు నడుమ చిక్కుకున్నారు. ఆ ఏడే సమాజం కూడా రద్దయింది.

అదే 1977లో కెన్యా వేటను నిషేధించింది. ఇంకో విశేషం. పశువులకు టీకాలు వేయడం వల్ల రిండర్‌పెస్టు అనే పశువుల మహమ్మారి ఆ ప్రాంతంలో అణగిపోయి, గ్జిమెక్ కాలంలో లక్షగా లెక్కతేలిన వైల్డ్‌బీస్టులు 1970ల చివరికి 13 లక్షలు దాటాయి. మనుషులు గేటుకు తాళం వేసిన రోజుల్లోనే, ఆ గేటు పక్కనుండి మునుపెన్నడూ లేనన్ని జంతువులు దాటిపోతున్నాయన్నమాట!

సరిహద్దు 1983 నవంబరులో మళ్ళీ తెరుచుకుంది. ఉమ్మడి ఆస్తుల పంపకం మీద 1984 మేలో ఒప్పందం కుదిరింది. నమంగా వంటి పెద్ద దారులు తెరిచారు గాని, మారా సెరెంగెటిల నడుమ గేటు మాత్రం యాత్రికులకు తెరవలేదు. ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు దొరికింది గదా. మీరు మూడు విమానాలెక్కేది ఆ తాళం చుట్టూ తిరగడానికి.

* * *

ఈ చరిత్ర తెలిసినవారు తమ ప్రయాణాన్ని ఎట్లా అమర్చుకోవచ్చో చూద్దాం.

మొదటిది, రెండు దేశాలనూ చూడదలచినవారు వచ్చిన దారినే తిరిగిపోవాలని పట్టుబట్టనక్కరలేదు. నైరోబీలో దిగి, కిలిమంజారో నుండి తిరుగు విమానమెక్కేటట్టు టికెట్టు తీసుకుంటే ఒక వెనుకడుగు తగ్గుతుంది. సెరెంగెటి ఒక్కటే చాలుననుకుంటే నైరోబీ ముఖమే చూడనక్కరలేదు. అడిస్ అబాబా నుండి తిన్నగా కిలిమంజారోకు విమానాలున్నాయి. ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ 1945లో పుట్టింది, 1946లో కైరోకు మొదటిసారి ఎగిరింది. ఏ వలస సామ్రాజ్యపు టపా కోసమూ పుట్టినది కాకపోవడం వల్ల దాని దారులు లండను వైపో పారిస్ వైపో మాత్రమే చూడలేదు, ఆఫ్రికాలో ఒక ఊరిని ఇంకో ఊరితో కలిపాయి. ఆ సంస్థ 2025 జూన్‌లో హైదరాబాదుకు కూడా విమానాలు మొదలుపెట్టింది.

రెండవది, మారా నుండి సెరెంగెటికి నైరోబీ పోకుండా ఒక అడ్డదారి ఉంది. చిన్న విమానంలో పడమరగా మిగోరి దాకా పోయి, అక్కడి నుండి కారులో ఇసెబానియా దగ్గర సరిహద్దు దాటి, అవతల తారిమెలో ఇంకో చిన్న విమానమెక్కడం. విమానం నుండి విమానానికి మారడానికి మధ్యన రోడ్డు మీద దేశమే మారడం! రెండు చిన్న విమాన సంస్థల వేళలూ కుదిరితేనే ఇది సాగుతుంది.

మూడవది, ఏ రన్‌వేలో దిగాలన్నది నెలను బట్టి తేల్చుకోవాలి. సెరెంగెటి ఒక ఊరు కాదు. జనవరి నుండి మార్చి దాకా మందలు దక్షిణాన ఎండుటు వైపు ఈనుతాయి. జూలై నుండి అక్టోబరు దాకా ఉత్తరాన మారా నది దగ్గర ఉంటాయి, అప్పుడు దిగవలసింది కొగటెండేలో. నడుమనున్న సెరొనెరాకే ఎప్పుడూ టికెట్టు కొంటే మందలు ఒకచోట, మీరు ఇంకోచోట.

నాలుగవది, పగటి వెలుగు. ఆ మట్టి రన్‌వేలకు దీపాలు లేవు. 1932లో టపా విమానాలు చీకటికి భయపడినట్టే, ఇవీ చీకటికి ముందే దిగాలి. పైగా దిగే ముందు రన్‌వే మీద మేస్తున్న జంతువులను ఎవరో ఒకరు జీపులో తరమాలి. అందుచేత మధ్యాహ్నం దాటాక నైరోబీలోనో అరూషాలోనో దిగేవారు ఆ రాత్రి అక్కడే పడుకోక తప్పదు. దాన్ని వృథా అనుకోకుండా ముందే లెక్కలో వేసుకుంటే మనసుకు శాంతి. సామాను 15 కిలోలు, అదీ మెత్తని సంచిలో అనడానికి కారణం కూడా విమానమే. పన్నెండు మంది పట్టే ఒంటి ఇంజను సెస్నాలో బరువు ప్రతి కిలోకూ లెక్క ఉంటుంది, గట్టి పెట్టె దాని కడుపులో పట్టదు.

ఐదవది మన దేశపువారికి మరీ ముఖ్యం: పచ్చజ్వరపు టీకా. ఓడల కాలంలో ఆఫ్రికాలో ఈ జ్వరం తగిలినవాడు మన రేవు చేరేలోపలే దారిలో బయటపడేవాడు. విమానం వచ్చాక, జ్వరం పైకి తేలకముందే మనిషి దిగిపోయే ప్రమాదం ఏర్పడింది. మన ఊళ్ళలో ఆ జ్వరాన్ని మోసే జాతి దోమ దండిగా ఉంది, జ్వరం మాత్రం ఎన్నడూ రాలేదు. ఒక్కసారి వస్తే? ఆనాటి భారత ప్రభుత్వానికి పట్టుకున్న భయం ఇదే. 1933లో హేగ్‌లో విమానయానానికి ప్రత్యేకంగా ఆరోగ్య ఒప్పందం చేయడానికి ఇటువంటి భయాలే కారణం. 1937లో మాక్స్ థైలర్ టీకా కనిపెట్టాడు, 1951లో నోబెల్ పొందాడు. టీకా వేయించుకున్న 10 రోజులకు గాని ధ్రువపత్రం చెల్లదు. 2016 నుండి ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. కెన్యా నుండి టాంజానియాలో అడుగుపెట్టేటప్పుడు ఆ పత్రం అడుగుతారు. తిరిగివచ్చేటప్పుడు మన దేశంలోనూ అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. కాబట్టి టికెట్ల కంటె ముందు టీకా.

* * *

ఈ తగవు పాతబడిందనుకోవద్దు. తూర్పు ఆఫ్రికా సమాజం 2000లో మళ్ళీ పుట్టింది. 2014లో కెన్యా, ఉగాండా, రువాండాలు యాత్రికులకు ఉమ్మడి వీసా తెచ్చాయి, టాంజానియా అందులో చేరలేదు. 2024 జనవరి 15న టాంజానియా తమ ఆర్థిక రాజధానికి వచ్చే కెన్యా ఎయిర్‌వేస్ విమానాలను ఆపేస్తామని ప్రకటించింది. తమ సరకు విమానాలకు కెన్యా అనుమతి ఇవ్వలేదన్నది కారణం. మరునాటికల్లా ఇరువైపులా సర్దుకున్నారు గాని, ఆ రెండు రోజులు ఎందరు యాత్రికులు తమ టికెట్ల వైపు దిగులుగా చూసుకున్నారో! అందుకే దేశం దాటే విమానానికీ దాని తరువాతి విమానానికీ నడుమ ఒక రాత్రి ఎడం ఉంచుకొమ్మని అనుభవజ్ఞులు చెబుతారు. వేర్వేరు సంస్థల దగ్గర విడివిడిగా కొన్న టికెట్లకు, ఒకటి తప్పిపోతే రెండవవారు బాధ్యులు కారు.

మరి ఆ గేటు తెరవడమే న్యాయమా? తేల్చి చెప్పడం సులువు కాదు. తెరిస్తే యాత్రికుడికి ఆ మూడు విమానాలూ మిగులుతాయి. కానీ టాంజానియాకు 1971లో ఉన్న భయం అర్థంలేనిది కాదు. నైరోబీ నుండి వచ్చే వ్యాన్ల వరుసలు ఉత్తర సెరెంగెటి గడ్డిని తొక్కేస్తాయనీ, డబ్బు మళ్ళీ అటే పోతుందనీ వారి మాట. తాళం వల్ల మనిషికి చుట్టు ఎక్కువైంది, మందలకు మాత్రం కొంత నెమ్మది మిగిలింది.

ఇక్కడొక సంగతి. టాంజానియా ప్రభుత్వం ఉత్తర సెరెంగెటి గుండా తారు రోడ్డు వేయదలచినప్పుడు కెన్యాకు చెందిన ఒక జంతుసంక్షేమ సంస్థ దావా వేసింది. 2014 జూన్‌లో తూర్పు ఆఫ్రికా న్యాయస్థానం ఆ తారు రోడ్డు వేయరాదని తీర్పు చెప్పింది. ఒక విమాన సంస్థను ఉమ్మడిగా నిలుపుకోలేక విడిపోయి, మళ్ళీ కలిసిన సమాజం పెట్టుకున్న న్యాయస్థానమది. ఒక దేశపువారు వెళ్ళి, ఇంకో దేశంలో ఉన్న మందల దారి కోసం వాదించి గెలిచారు. సరిహద్దుకు ఇరుప్రక్కలా ఆ మంద ఒకటేనని కాగితం మీద ఒప్పుకున్నట్టే గదా ఇది!

కనుక ఈ యాత్రకు బయలుదేరే మిత్రులు తమ విమానాల వరుస చూసి ఇదెక్కడి డొంకతిరుగుడు అని విసుక్కునే ముందు దాన్ని ఒకసారి నిదానంగా చదవండి. నైరోబీ అన్నచోట ఒక రైలు షెడ్డు, విల్సన్ అన్నచోట ఒక టపా సంచి, కిలిమంజారో అన్నచోట ఒక పొరుగువాని పౌరుషం కనిపిస్తాయి. మూడో విమానం కిటికీలోంచి క్రిందికి చూస్తే ఆ గీత మాత్రం ఎంత వెదికినా కనబడదు.